నిద్రపోయే పాప, 2000 టిక్కులు

ఢిల్లీ బేర్ సరాయ్ పుస్తకాల దుకాణాల్లో గేట్ పరీక్షకు చదివేవాళ్లు కొనే సిగ్నల్స్ పాఠానికి కూతవేటు దూరంలోనే ఒక చక్కటి ఉదాహరణ ఉంది. ఐఐటీ, ఎయిమ్స్ కలిసి నడిపిన బయోడిజైన్ కార్యక్రమంలో పుట్టిన ‘సోహమ్’ యంత్రం అది. నవజాత శిశువుల వినికిడిని పరీక్షిస్తుంది. 2017 జులైలో అప్పటి కేంద్ర సహాయమంత్రి వై.ఎస్. చౌదరి దాన్ని విడుదల చేశారు. పాప తలకు మూడు ఎలక్ట్రోడ్లు పెడితే చాలు, మత్తుమందు అక్కర్లేదు.

డాక్టర్లు బెరా అనే ఈ పరీక్షలో చెవికి టిక్కు వినిపించి, మెదడు కాండం ఇచ్చే జవాబును పట్టుకోవాలి. ఆ జవాబు సాధారణంగా ఒక మైక్రోవోల్టు కూడా ఉండదు. మెదడులోని మామూలు విద్యుత్ రొద దానికి ఎన్నో రెట్లు. అందుకే వేలసార్లు వినిపించి సగటు కడతారు. జవాబు ప్రతిసారీ ఒకే క్షణానికి వస్తుంది కనుక నిలుస్తుంది, రొద అడ్డదిడ్డంగా వస్తుంది కనుక కరుగుతుంది. అయితే రొద సగం కావాలంటే నాలుగు రెట్ల టిక్కులు కావాలి. సెకనుకు 21.1 చొప్పున 2000 టిక్కులకు సుమారు 95 సెకన్లు. రొద అందులో సగం కావాలంటే ఆరు నిమిషాలు దాటుతుంది, అదీ ఒక్క చెవికి, ఒక్క తీవ్రతకే. అంతసేపు పాప కదలకుండా పడుకోవాలి!

పోనీ వేగం పెంచితే? నాడులు అలుస్తాయి. జవాబులో ముందు వచ్చే చిన్న అలలు చదునవుతాయి, అయిదో అల మాత్రం కాస్త ఆలస్యంగానైనా నిలబడుతుంది. వినబడుతోందా లేదా అని మాత్రమే తేల్చే ప్రాథమిక పరీక్షకు ఆ ఒక్క అల చాలు కాబట్టి వేగంగా పోవచ్చు. లోపం ఎక్కడో వెతికేటప్పుడు నిదానించాలి.

నన్ను ముగ్ధుణ్ణి చేసేది 21.1లోని ఆ చివరి అంకె. ఎలక్ట్రోడ్లలోకి చొరబడే మన కరెంటు 50 హెర్ట్జ్. సెకనుకు సరిగ్గా 25 టిక్కులు పెడితే, టిక్కుకూ టిక్కుకూ మధ్య కరెంటు తరంగం కచ్చితంగా రెండు చుట్లు తిరుగుతుంది. దాని హమ్ ప్రతిసారీ ఒకేలా వచ్చి, జవాబులాగే సగటులో తిష్ఠ వేస్తుంది. పొంతన కుదరని అంకెను ఎంచుకుంటే ఆ హమ్ కూడా కరిగిపోతుంది. అదనంగా ఒక్క సెకను ఖర్చు లేదు.

పాప చప్పరించినప్పుడు వచ్చే పెద్ద అలజడి సంగతి వేరు. ఒక టిక్కుకు నమోదైన నమూనా హద్దు దాటితే యంత్రం దాన్ని పారేస్తుంది. హద్దు బిగిస్తే సమయం పోతుంది, వదులు చేస్తే రొద చేరుతుంది. రొద ఎక్కువున్న నమూనాను పారేయకుండా, లెక్కలో దాని బరువు తగ్గించే పద్ధతి ఇంకా మేలైనది. పాప ఇచ్చిన ఏ క్షణమూ పూర్తిగా వృథా కాదు.

వీటన్నిటికంటే ముందు ఆడియాలజిస్టు చేతిపని ఉంది. పాపకు పాలు పట్టించి, నుదుటి చర్మాన్ని జెల్‌తో మెల్లగా రుద్ది, ఎలక్ట్రోడ్ గట్టిగా అంటేలా చూడాలి. అక్కడే రొద సగమైతే, అంతే స్పష్టతకు టిక్కులు నాలుగో వంతు సరిపోతాయి.