పెరటి పామ్‌కు మొవ్వు ఒక్కటే

మొవ్వు పోయిన కొబ్బరి చెట్టు ఇక బతకదని కోనసీమలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. మామిడి కొమ్మ విరిగితే పక్కనుంచి మరొకటి వస్తుంది. వేపను మొదట్లో నరికినా పిలకలు వేస్తుంది. కొబ్బరికి, తాటికి, పోకకు ఆ వీలు లేదు. చెట్టు మొత్తానికి పెరిగే చోటు ఒక్కటే. అది తల లోపల, మట్టల మొదళ్ళ మధ్య దాగి ఉంటుంది. ఇంత తెలిసిన మనమే నర్సరీకి వెళ్ళి, చూడముచ్చటగా ఉన్న పామ్ మొక్కను ఏ జాతిదో అడక్కుండానే తెచ్చి, ప్రహరీ గోడకు రెండడుగుల దూరంలో నాటేస్తాం. కొన్నేళ్ళకు అది కరెంటు తీగల్ని అందుకుంటుంది. కొట్టి అదుపులో పెడదామంటే కొమ్మలుండవు. తల కొడితే చెట్టు చస్తుంది. అందుకే పామ్‌ల పెంపకంలో మొదటి పని గుర్తుపట్టడమే అంటాను. నీళ్ళూ ఎరువులూ ఆ తర్వాత.

పామ్ కుటుంబంలో సుమారు 2,600 జాతులున్నాయి. కడియం, కడియపులంక, వేమగిరి చుట్టుపక్కల నర్సరీల్లో దొరికేవి వాటిలో చాలా కొద్ది. వాటిని వేరుచేసి చూడడానికి లాటిన్ పేర్లు బట్టీ పట్టనక్కర్లేదు. తాటి, ఈత, పోక, జీలుగు, కొబ్బరి అనే మన అయిదు చెట్లను శ్రద్ధగా చూసినవాళ్ళు, కొత్త మొక్క ఏది ఎదురైనా అది వీటిలో దేని పోలికో ముందు తేల్చుకోగలరు. సగం పని అక్కడే అయిపోతుంది.

తాటి పోలికవి విసనకర్ర ఆకులవి. వెండి పూత పూసినట్టు బూడిదరంగులో మెరుస్తూ, లావైన మట్టలతో ఉంటే అది మడగాస్కర్ నుంచి వచ్చిన బిస్మార్కియా. ఆకు చివరలు పాయలుగా చీలి కిందికి వేలాడుతుంటే చైనా ఫ్యాన్ పామ్, అంటే లివిస్టోనా. మట్ట అంచున రంపపు పళ్ళలాంటి ముళ్ళుండి, ఎండిన ఆకులు రాలకుండా బోదె చుట్టూ పావడాలా వేలాడుతుంటే వాషింగ్టోనియా. ఇది పాతిక మీటర్లు దాటి పోగలదు కాబట్టి చిన్న పెరటికి తగదు. ఆకు చీలకుండా గుండ్రంగా, మడతలు మడతలుగా ఉంటే లికువాలా గ్రాండిస్. దానికి నీడా తేమా కావాలి; హైదరాబాద్ వేసవి వడగాలికి ఆరుబయట నిలవదు. వేలి లావు కాండాలతో గుబురుగా పెరిగే రేపిస్‌కూ నీడే ఇష్టం. అది నిదానంగా పెరుగుతుంది, వరండాకు దాన్ని మించింది లేదు.

ఈతను పట్టిచ్చే గుర్తులు రెండు. మట్ట మొదట్లో ఉండే చిన్న ఆకులు ముళ్ళుగా మారిపోయి ఉంటాయి. ఇక రెండోది మడత. ఈత ఆకును చేతిలోకి తీసుకుని చూడండి: ప్రతి పత్రకం పైకి తెరుచుకున్న దొన్నెలా మడిచి ఉంటుంది, వాన చినుకు అందులో నిలుస్తుంది. కొబ్బరి పత్రకం మడత దీనికి తలకిందులు. ఈనె పైకి, అంచులు కిందికి ఉండి చినుకు జారిపోతుంది. ఈకలాంటి ఆకులున్న పామ్‌లలో పైకి మడిచేవి చాలా తక్కువ, ముఖ్యంగా ఈత వంశం, జీలుగు వంశం. కాయా పువ్వూ లేని మొక్కనైనా ఈ ఒక్క మడతతో సగం దారి గుర్తుపట్టవచ్చు. నర్సరీల్లో పిగ్మీ డేట్ అని అమ్మే ఫీనిక్స్ రోబెలెనీ ఈ వంశానిదే. మెకాంగ్ నదీ తీరాలు దాని పుట్టిల్లు. మనిషి ఎత్తుకు కాస్త అటూ ఇటూగా చాలాకాలం ఉండిపోతుంది కాబట్టి చిన్న ఇళ్ళకు బాగా నప్పుతుంది. ముళ్ళు మాత్రం సూదుల్లా ఉంటాయి. పిల్లలు నడిచే దారి పక్కన వద్దు.

ఎక్కువమంది తడబడేది పోక పోలిక దగ్గరే. పోకచెట్టు తల కింద మట్టల మొదళ్ళన్నీ ఒకదానిమీద ఒకటి చుట్టుకుని నున్నటి ఆకుపచ్చ స్తంభంలా కనిపిస్తాయి కదా, ఆ స్తంభం ఉన్నవన్నీ ఈ గుంపులోవే. అపార్ట్‌మెంట్ల గుమ్మాల్లో, పెళ్ళి మండపాల్లో కనిపించే అరెకా పామ్ పోక కానే కాదు. అది మడగాస్కర్‌కు చెందిన డిప్సిస్ లుటెసెన్స్. పసుపుపచ్చని మట్టలు, వెదురులా కణుపులున్న కాండాలు, మొదలు చుట్టూ పిలకలు దాని గుర్తులు. పోక ఒంటికాండంగానే పెరుగుతుంది. కాండం నడుమ ఉబ్బెత్తుగా, సిమెంటు పూసినంత తెల్లగా ఉంటే క్యూబా వైపు నుంచి వచ్చిన రాయల్ పామ్. పత్రకాలు ఈనె చుట్టూ అన్ని దిక్కులకూ విచ్చుకుని నక్కతోకను తలపిస్తే ఫాక్స్‌టెయిల్. పత్రకం అడుగు వెండి బూడిదరంగులో ఉంటే అలెగ్జాండ్రా. పత్రకం చివర పళ్ళతో కొరికినట్టుండి, గుబురుగా పెరిగేది మెకార్థర్ పామ్. ఆకులు వంగి, గెలలు ఎర్రటి కాయలతో మెరిసే పొట్టి చెట్టు మనీలా పామ్. మొదలు కుండలా ఉబ్బి పైకి సన్నబడితే బాటిల్ పామ్. మొదలు సన్నగా ఉండి నడుమ ఉబ్బితే దాని తోబుట్టువు స్పిండిల్ పామ్.

వీటిలో రాయల్ పామ్ గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. ఎదిగిన చెట్టు నుంచి రాలే ఒక్కో మట్ట పది కిలోలు దాటుతుంది, అదీ అయిదారు అంతస్తుల ఎత్తు నుంచి. విశాలమైన ఆవరణల్లో బారులు తీరితే దాని ఠీవికి సాటిలేదు. రెండొందల గజాల ఇంట్లో, కారు నిలిపే చోట అది ప్రమాదమే. అదే చోట మనీలా పామ్ గానీ, ఎండ బాగా ఉంటే ఫాక్స్‌టెయిల్ గానీ హాయిగా ఉంటాయి.

జీలుగు మన తూర్పు కనుమల చెట్టు. చేప తోకలాంటి పత్రకాలు, ఆకు రెండుసార్లు చీలే పద్ధతి పామ్‌లన్నిటిలో ఈ వంశానికే సొంతం. ఏజెన్సీలో దీని కల్లు ప్రసిద్ధి. జీలుగు ఎదిగినంతకాలం పూయదు. ఎదుగుదల ముగిశాక పై కణుపులో మొదటి గెల వేస్తుంది, ఆ తర్వాత ఒక్కో కణుపూ దిగుతూ కింది దాకా పూసి చనిపోతుంది. మొదటి గెల కనబడగానే ఆ స్థలంలో తర్వాత ఏం నాటాలో ఆలోచించుకోవడం మొదలుపెట్టవచ్చు, ఇంకా కొన్నేళ్ళ వ్యవధి ఉంటుంది. దీని కాయల గుజ్జు చర్మానికి తగిలితే భయంకరమైన దురద. విత్తనాలు తీసేటప్పుడు చేతులకు తొడుగులు తప్పవు.

కొబ్బరి పోలికవి, అంటే ఆకుపచ్చ స్తంభం లేని, ముళ్ళు లేని, ఈక ఆకులవి, పెరట్లో తక్కువ. మట్టలు మూడు వరసల్లో పేర్చినట్టుండే త్రికోణ పామ్‌ను మాత్రం ఒకసారి చూసినవారు మళ్ళీ మర్చిపోరు.

పామ్ అనే పేరుతో అమ్మేవన్నీ పామ్‌లు కావు. సాగో పామ్ అని పిలిచే సైకస్ అసలు పూలే పూయని, దేవదారుల వైపు చుట్టమైన ప్రాచీన మొక్క. దాని గింజలు కుక్కలకూ మనుషులకూ విషం. విసనకర్రలా నిలబడే ట్రావెలర్స్ పామ్ అరటికి దూరపు బంధువు. మొదలు ఉబ్బిన పోనీటెయిల్ పామ్ ఆస్పరాగస్ కుటుంబానిది. వీటిని పెంచకూడదని కాదు, పామ్‌లకు చెప్పిన వైద్యం వీటికి చేయకూడదు.

చిన్న మొక్కల దగ్గర ఇంకో చిక్కుంది. చాలా పామ్‌లకు మొదటి ఆకులు చీలకుండా ఒకేలా ఉంటాయి. కొబ్బరి మొలకను చూడండి, అది ఈక ఆకు అవుతుందని ఎవరూ అనుకోరు. జానెడు మొక్కను కొనేటప్పుడు తల్లి చెట్టును చూపించమని అడగడమే సరైన పద్ధతి.

గింజ నుంచి పెంచాలనుకునేవారికి మన తేగలు మంచి పాఠం. పాతర వేసిన తాటి టెంకలోంచి మొలక బయటికి రాగానే పైకి పోదు. గొట్టంలాంటి కాడ పిండాన్ని భూమి లోతుకు దించుతుంది, అక్కడ ఊరేదే తేగ. టెంకలో మిగిలిన మెత్తటి బుర్రగుంజు, గింజలో దాచిన ఆహారాన్ని పీల్చి మొక్కకు అందించే భాగం. మొలకెత్తిన కొబ్బరికాయలోని పువ్వుదీ ఇదే ఉద్యోగం. బిస్మార్కియా కూడా తాటిలాగే లోతుకు దిగి మొలుస్తుంది. లోతు లేని కుండీలో వేస్తే మొలక అడుగు తగిలి వంకర పోతుంది, చోటు మారిస్తే అలుగుతుంది. దాన్ని లోతైన సంచిలో గానీ, ఉండాల్సిన చోటనే గానీ వేయాలి. అరెకా, మనీలా, ఫాక్స్‌టెయిల్ వంటివి గింజ పక్కనే మొలుస్తాయి కాబట్టి ఇసుక, కొబ్బరి పొట్టు కలిపిన తొట్టెలో వేసి తర్వాత విడదీసుకోవచ్చు. ఏ గింజైనా తాజాగా, గుజ్జు కడిగి వేయాలి. ఎండబెట్టి దాచిన గింజల్లో చాలావరకు మొలకెత్తవు.

నాటాక మొదటి కొన్నేళ్ళు పామ్ ఎత్తు పెరగదు. చాలామంది ఇక్కడే ఓపిక కోల్పోతారు. ఆ కాలంలో అది నేల మట్టంలో తన బోదె లావును సిద్ధం చేసుకుంటుంది. మామిడీ వేపా ఏటేటా కొత్త పొర వేసుకుని లావెక్కుతాయి. పామ్‌కు ఆ పొర లేదు. ముందు వెడల్పు, తర్వాతే ఎత్తు. పైకి లేచాక ఏ సంవత్సరం నీళ్ళు తక్కువైనా, ఎరువు అందకపోయినా ఆ ఏడు ఏర్పడిన బోదె సన్నగా వస్తుంది, ఆ సన్నదనం చెట్టు ఉన్నంతకాలం ఉంటుంది. గాయమూ అంతే. కొబ్బరి ఎక్కడానికి గొడ్డలితో కొట్టిన మెట్లు ఎన్నేళ్ళయినా పూడవు. లైట్లు తగిలించడానికి పామ్ బోదెకు మేకులు కొట్టేవాళ్ళను చూస్తే బాధ వేసేది అందుకే. పెద్ద చెట్టును తెచ్చి నాటినప్పుడు ఊతకర్రలు కూడా బోదెకు పట్టీ చుట్టి దానికి కట్టాలి, చెట్టులోకి దిగగొట్టకూడదు.

వేళ్ళూ లావెక్కవు కాబట్టి పునాదిని చీలుస్తాయన్న భయం అక్కర్లేదు. కానీ నీళ్ళు నిలిస్తే కుళ్ళుతాయి. తెలంగాణ నల్లరేగడిలో గుంత తీసి నాటడం కంటే మట్టి ఎత్తుగా పోసి, ఇసుకా పశువుల ఎరువూ కలిపి దానిమీద నాటడం మేలు. మొక్క సంచిలో ఎంత లోతున ఉందో నేలలోనూ అంతే లోతున ఉండాలి.

మట్టలు కొట్టే విషయంలో మన తోటమాలుల అలవాటు మారాలి. పండగ వస్తోందంటే పచ్చి మట్టలు కూడా కొట్టి, తల మీద నాలుగు ఆకులు మాత్రం నిలబెడతారు. పామ్‌లకు పొటాష్ ఆకలి ఎక్కువ. కాపు కాసే కొబ్బరికి ఏడాదికి 500 గ్రాముల నత్రజని సిఫారసు చేస్తే, పొటాష్ 1,200 గ్రాములు చెబుతారు. నేలలో అది చాలనప్పుడు చెట్టు ముసలి ఆకుల్లోంచి పొటాష్ లాగి కొత్త ఆకుకు ఇస్తుంది. పాత ఆకు మీద పసుపు, నారింజ మచ్చలు వచ్చేది అందుకే. చూడ్డానికి బాగాలేదని ఆ ఆకును కోసేస్తే, చెట్టు దాని పై ఆకును తినడం మొదలుపెడుతుంది. పూర్తిగా ఎండి గోధుమరంగుకు వచ్చిన మట్టనే తీయండి. పొటాష్‌తో పాటు మెగ్నీషియం సల్ఫేట్ కూడా కాస్త వేస్తే మచ్చలు కొత్త ఆకులకు ఎక్కవు. మచ్చ పడిన ఆకు తిరిగి పచ్చబడదు, దాన్ని మోస్తూనే చెట్టు కోలుకుంటుంది.

పురుగుల్లో ఇద్దరు శత్రువులు తోడుదొంగలు. కొమ్ము పురుగు మొవ్వును తొలుస్తుంది. ఆ ఆకు విచ్చుకున్నాక కత్తెరతో కోసినట్టు కనిపిస్తుంది. ఆ గాయం వాసనకు ఎర్రముక్కు పురుగు వచ్చి గుడ్లు పెడుతుంది. దాని పిల్లపురుగులు లోపల్నుంచి తినేస్తాయి, తల వాలేదాకా బయటికి తెలియదు. కొమ్ము పురుగు పుట్టేది పెంటకుప్పల్లో కాబట్టి పశువుల ఎరువును పెరట్లో నెలల తరబడి పోగుపెట్టకూడదు. మొవ్వు చుట్టూ మట్టల సందుల్లో వేపపిండి, ఇసుక కలిపి పోయడం పాత పద్ధతే, బాగా పనిచేస్తుంది. 2016లో పొల్లాచ్చిలో మొదట కనిపించిన సర్పిలాకార తెల్లదోమ ఇప్పుడు అరెకా ఆకుల అడుగునా చేరుతోంది. దానికి ఘాటైన మందు కొడితే దాన్ని తినే ఎన్‌కార్సియా అనే చిన్న కందిరీగ కూడా పోతుంది. నీళ్ళు జోరుగా కొట్టి కడగడం మేలు. కోనసీమలోని అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం కొబ్బరికి ఇచ్చే సలహాలు పెరటి పామ్‌లకూ వర్తిస్తాయి, పురుగులు అవే కాబట్టి.

ఇంత శ్రమ దేనికని ఎవరైనా అడిగితే బాటిల్ పామ్ చరిత్ర చెబుతాను. దాని పుట్టిల్లు మారిషస్ దగ్గరి రౌండ్ ఐలాండ్. మనుషులు వదిలిన మేకలూ కుందేళ్ళూ మొలకలన్నీ తినేయగా అడవిలో వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని చెట్లు మిగిలాయి. లోకమంతటా తోటల్లో మాత్రం అది పెరుగుతోంది. ఫాక్స్‌టెయిల్‌కు శాస్త్రీయ నామం దొరికింది 1983లోనే. ఆస్ట్రేలియాలోని కేప్ మెల్విల్ గ్రానైట్ బండల మధ్య తప్ప అది మరెక్కడా సహజంగా పెరగదు. వాటికి మన పెరళ్ళూ ఆశ్రయమే.

అయినా నా మనసు ఈత మీదే. దానికి ఫీనిక్స్ సిల్వెస్ట్రిస్ అనే పేరు స్థిరపరచిన విలియమ్ రాక్స్‌బర్గ్, 1793లో కలకత్తా వనానికి వెళ్ళకముందు సామర్లకోటలో ఉండి ఈ తీరపు మొక్కలను చదివాడు. అమెరికాలోని ఫ్లోరిడాలో సిల్వెస్టర్ పామ్ అనే పేరుతో అదే ఈతను ఖరీదైన ఆవరణల్లో నాటుతున్నారు. మట్టలు రాలిన గుర్తులతో దాని బోదె మీద ఏర్పడే గళ్ళ అల్లికనూ, నీలి బూడిదరంగు తలనూ వాళ్ళు అందంగా చూశారు. మనకు అది కల్లుకూ చీపురుకూ చాపకూ పరిమితమైంది. వేసవి ఎండనూ, చవిటి నేలనూ, నీటి కరువునూ తట్టుకునే ఇంత ముచ్చటైన పామ్ ఏ నర్సరీలోనూ దొరకదు. చెట్టు కింద రాలిన పండ్లు ఏరి, గుజ్జు కడిగి, తొలకరికి ముందే పెరటి మూలన ఎండ పడే చోట వేయండి. ఆడ మగ చెట్లు వేరువేరు, మొలకలో తేడా తెలియదు. పండ్లు కావాలంటే నాలుగైదు గింజలు పది పన్నెండు అడుగుల ఎడంతో వేసి, పూత వచ్చాక ఏవి ఉంచాలో నిర్ణయించుకోవచ్చు.