ప్లాస్మా పాఠములో ఒక లోపము

ప్లాస్మా పదార్థముయొక్క నాలుగవ స్థితి, అది నక్షత్రములలో నున్నదని చెప్పి ఊరకుండుట పాఠములలో పరిపాటి. అది నిజమే గాని, మహాతాపము లేనిదే ప్లాస్మా లేదని విద్యార్థి భ్రమపడును. 1928లో లాంగ్మ్యూర్ ఈ పేరు పెట్టినది విద్యుత్తు ప్రవహించు వాయునాళములలోని స్థితికి. దూరదర్శిని అక్కరలేదు, చేవెళ్ల, మొయినాబాదు తరగతులలో పాతరకపు ట్యూబులైటు చూపిన చాలును. అందలి ఎలక్ట్రానుల ఉష్ణోగ్రత సుమారు 10,000 డిగ్రీలు; అవి మిక్కిలి తేలిక గనుక వాయువును అంతగా వేడిచేయలేవు, గొట్టము గోరువెచ్చగానే యుండును.

సిలికాన్ చిప్పుల తయారీకి ఇదే ఆధారము. కార్బన్ టెట్రాఫ్లోరైడు సిలికానును ముట్టదు; ప్లాస్మాలో విడివడిన ఫ్లోరిన్ దానిని వాయువుగా మార్చి తొలగించును. ఆమ్లము ప్రక్కలను కూడ తినివేయును. ఇక్కడ అయానులు నిలువుగా తాకుటచే గాడి నిలువుగా దిగును, పలక కరగదు. ఈ మాట చెప్పనిచో నాలుగవ స్థితి కంఠస్థమగును గాని బోధపడదు.