బ్రేకు తొక్కితే మీటరు వెలిగింది

లైట్లన్నీ ఆర్పేసి ఉన్న కారులో, మసక చీకట్లో, బ్రేకు తొక్కగానే స్పీడోమీటరు వెనక లైటు మినుకుమంటే ఏమనుకోవాలి? బ్రేకు స్విచ్చి పోయిందనుకుని కొత్తది వేశాను. తగ్గలేదు. వెనక బల్బులు మార్చాను. ఎడంవైపుది దీపావళి మర్నాటి ప్రమిదలా గుడ్డిగానే వెలిగింది. ఫ్యూజులన్నీ పీకి చూశాను, ఒక్కటీ కాలలేదు. మల్టీమీటరు పెట్టి ఎర్తు వైరు కూడా చూశాను. 'బీప్' అంది. ఇంకేం, ఎర్తు బాగుందని తేల్చేశాను.

బెజవాడ ఆటోనగర్‌లో నేను వెళ్ళే మేస్త్రి కథంతా విని, "బ్రేకు తొక్కి పట్టుకోండి సార్" అన్నాడు. బ్యాటరీ మైనస్ నుంచి డిక్కీ దాకా పొడుగాటి వైరు లాగి, మీటరు వోల్టుల్లో పెట్టి, రెండో ముల్లు లైటు ఎర్తుకి ఆనించాడు. నాలుగు వోల్టులు దాటింది. "ఇక్కడ మహా అయితే ఒకటి రెండు పాయింట్లు రావాలండీ. కరెంటు వచ్చింది సరే, తిరిగి పోడానికి దారేదీ?"

అప్పుడు వెలిగింది నాకు. ఆ బల్బులో రెండు ఫిలమెంట్లు: బ్రేకుకి 21 వాట్లు, పార్కింగుకి 5 వాట్లు. రెండింటికీ ఎర్తు ఒకటే. అది మూసుకుపోయేసరికి బ్రేకు కరెంటులో కొంత పార్కింగు ఫిలమెంటులోకి ఎదురెక్కి, ఆ వైరు పట్టుకుని ముందుకొచ్చి, స్పీడోమీటరు లైటు గుండా ఎర్తు వెతుక్కుంది. దయ్యమూ లేదు, భూతమూ లేదు. దొడ్డిదారి, అంతే.

మరి నా మీటరు 'బీప్' ఎందుకంది? అబద్ధమాడలేదు పాపం. అది పంపేది ఎక్కడో మిల్లీఆంపుల్లో కరెంటు. దారిలో పది ఓములు అడ్డున్నా చాలా మీటర్లు కూతపెడతాయి. బ్రేకు బల్బుకి కావలసింది దాదాపు రెండు ఆంపులు. పొలంగట్టు మీద సైకిలు పోయిందని లారీ తోలితే ఎలా? పని చేయించకుండా వైరుని పరీక్షించడం, నడిపించకుండా ఎద్దుని కొనడం లాంటిదే. ఈమధ్య ఏ కారొచ్చినా ముందు స్కానరు తగిలిస్తున్నారు. నా పాత బండిలో ఈ జబ్బుకి కోడేమీ రాదు. కోడు వచ్చే బళ్ళలోనైనా ఫలానా సర్క్యూట్ అంటుంది గానీ, ఫలానా బోల్టు అనదు.

ఎర్తు బిగించిన ఆ బోల్టు డిక్కీ కార్పెట్ కింద దొరికింది. రబ్బరు బీడింగు వదులై వాననీరు దిగుతోంది. పది నంబరు స్పానరుతో విప్పితే వాషరు కింద గోధుమరంగు పొడి రాలింది. గరుకు కాగితంతో రేకు తెల్లబడేదాకా రుద్ది, బిగించి, పైన కాస్త గ్రీజు పూశాడు. మళ్ళీ తొక్కమన్నాడు. మీటరు పాయింటు దాటలేదు.

కొత్త స్విచ్చి కొన్న సంగతి ఆయనకు చెప్పలేదు. పాతది డాష్‌బోర్డు అరలో దాచుకున్నాను. నిజానికి అదే నయం, నొక్కితే టిక్కుమంటుంది.