ఏం పని అని కాదు, ఎట్ల చేస్తవని

శంషాబాద్ విమానాశ్రయం మీదుగా ఏటా రెండు కోట్లకు పైగా జనం వచ్చిపోతుంటారు. అక్కడ పనిచేసేవాళ్లతో మాట కలిసినా మనం అడిగేవి రెండే: జీతమెంత, పర్మనెంటా? జవాబు రాగానే మాట తెగిపోతుంది. అరుదైన పని చేసే మనిషి ఎదురుగా నిలబడి ఉన్నా ఆ పనిలోని తెలివి మనకు అందదు.

దాన్ని రాబట్టే పద్ధతి ఒకటి మన దగ్గరే ఉంది. అహ్మదాబాద్ ఐఐఎం ప్రొఫెసర్ అనిల్ గుప్తా 1998లో గుజరాత్‌లో ‘శోధ యాత్ర’ మొదలుపెట్టారు. పల్లెల వెంట నడుస్తూ, తమ బుర్రతో కొత్త దారి కనిపెట్టినవాళ్లను వెతకడమే ఆ యాత్ర పని. తెలుగునాట దాన్ని ‘పల్లె సృజన’ అందుకుంది. సైన్యంలో పనిచేసి వచ్చిన బ్రిగేడియర్ పోగుల గణేశం నడిపించే ఆ సంస్థ ‘చిన్న శోధ యాత్ర’ల పేరుతో జిల్లాలు తిరుగుతోంది.

నడకే ఎందుకు? కారు దిగినవాడికి ఊరు అర్జీ ఇస్తుంది, నడిచి వచ్చినవాడికి మంచినీళ్లిస్తుంది. మాట మొదలయ్యేది ఆ చెంబు దగ్గరే. ‘మీ ఊళ్లె నలుగురు చేసినట్టు కాకుండ వేరేగ చేసేటోళ్లు ఎవరన్న ఉన్నరా?’ అంటే ముందు ఎవరూ లేరంటారు. కాసేపటికి ఎవరో నవ్వుతూ, ఫలానా ఇంట్లో ఒక పిచ్చోడున్నడంటారు. వెళ్లాల్సింది ఆ ఇంటికే.

ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశాన్నీ ఊళ్లో అట్లాగే అన్నారు. ఆరో తరగతితో చదువు ఆగిన చేనేత కుర్రాడు. పోచంపల్లి తరహా చీర నేయాలంటే ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంగా గుచ్చిన చీలల చుట్టూ నూలును చేత్తో తిప్పుతూనే ఉండాలి, ఒక్కో చీరకు తొమ్మిది వేల సార్ల దాకా. తల్లి లక్ష్మి భుజం పడే బాధ చూడలేక, 1992లో యంత్రం చేయడానికి పూనుకున్నాడు. అది పూర్తిగా కుదిరింది 1999లో. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. దానికి అమ్మ పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది.

ఈ కథలో నన్ను పట్టుకునేది మధ్యలోని ఏడేళ్లు. ‘ఎప్పుడు పూర్తయింది?’ అంటే వచ్చేది ఒక సంవత్సరం. ‘ఎక్కడ ఆగిపోయినవు?’ అంటే, చివరి చిక్కు వీడక హైదరాబాద్‌కు పనికి రావడం, బాలానగర్‌లో ఒక యంత్రం కదలిక చూసి తన లోపం తట్టడం బయటికొస్తాయి. శోధ యాత్ర నేర్పే ప్రశ్నల్లో నాకు అన్నింటికన్నా విలువైనది ఇదే. చెయ్యి ఎక్కడ ఆగిందో అడిగితే బుర్ర ఎట్లా నడిచిందో తెలుస్తుంది.

ఇవే ప్రశ్నలు పట్టుకుని శంషాబాద్‌కు రావాలి. 2008లో విమానాలు ఎగరడం మొదలైన ఈ దాదాపు 5,500 ఎకరాల ఆవరణలో పల్లెలు ఎరగని పనులెన్నో పుట్టాయి. రన్‌వే మీద పిట్టలు చేరకుండా చూడటం ఒక పని. ఇంజన్‌లో పక్షి పడితే ప్రమాదం కాబట్టి విమానాశ్రయానికి పది కిలోమీటర్ల లోపల బహిరంగంగా జంతువుల్ని కోయడాన్నీ, మాంసం వ్యర్థాలు, చెత్త పారేయడాన్నీ నిబంధనలు నిషేధించాయి. అంటే శంషాబాద్ వీధి ఊడ్చే మనిషి కూడా విమానాన్ని కాపాడుతున్నట్టే. ఆమెనెవరైనా ఆ మాట అడిగారా? జొన్నచేలల్లో మంచెలెక్కి వడిసెలతో పిట్టల్ని తోలిన తరం ఈ చుట్టుపక్కల ఇంకా ఉంది. తొలకరి పడ్డాక ఏ పిట్ట ఏ పురుగు కోసం ఏ వేళకు దిగుతుందో వాళ్లకు తెలుసు. వాళ్లనీ, రన్‌వే కాచేవాళ్లనీ ఒకచోట కూర్చోబెట్టి అడగాలని నాకెంతో కోరిక.

విమానాన్ని చేతి సైగలతో నిలిపే మార్షలర్‌ను ‘కష్టంగా ఉంటుందా?’ అంటే అవుననో కాదనో అంటాడు. ‘నీ చేతులు పైలట్‌కు కనిపించకపోతే?’ అంటే పని మొత్తం విప్పి చెబుతాడు. సరుకు విభాగంలోనూ అంతే. 2021 మే 1న మన దేశానికి కరోనా టీకా స్పుత్నిక్ తొలి విడత, లక్షన్నర డోసులు, ఇక్కడే దిగింది. దాన్ని మైనస్ 20 డిగ్రీల్లో ఉంచాలి. బయట మే నెల ఎండ. ‘విమానం నుంచి చలి గదికి చేరేలోపు దేనికి భయపడతరు?’ అని అడిగితే ఏ కరపత్రంలోనూ లేని విషయాలు వినొచ్చు.

విన్నాక చేయాల్సిందీ ఉంది. పువ్వుకు లోటు రాకుండా తేనె తీసుకుని, పుప్పొడిని ఇంకో పువ్వుకు చేర్చే తేనెటీగ పేరునే గుప్తా తన బృందానికి ‘హనీ బీ నెట్‌వర్క్’ అని పెట్టుకున్నారు. ఆ బృందం పాటించే నియమాలివి: చెప్పిన మనిషి పేరు దాచకూడదు, రాసింది అతని భాషలోనే అతనికి తిరిగి చేరాలి, లాభం వస్తే వాటా ఇవ్వాలి. అందుకే రాసింది చదివి వినిపించాలి. ‘ఇది రాయొద్దు’ అంటే తీసేయాలి. విమానాశ్రయం పనుల్లో ఈ హద్దు మరీ ముఖ్యం. భద్రత సంగతులు గుచ్చి అడిగితే అతని ఉద్యోగానికే ఎసరు. పిట్టలు, చలి గదులు, చేతి సైగల గురించైతే షిఫ్టు మారే వేళ టీ కొట్టు దగ్గర నిలబడి ఎంతసేపైనా అడగొచ్చు.