అంబాసిడర్ ప్యాడు అతికించడం అందరి వల్లా కాదు

రేణిగుంట అంటే రైలు జంక్షన్ అంటారు, విమానాశ్రయం అంటారు. నన్నడిగితే కడప, కాళహస్తి, పుత్తూరు, తిరుపతి రోడ్లు కలిసే ఈ ఊళ్ళో చూడాల్సింది కుషన్ షాపులు. పగలంతా లారీ సీట్లు, ఆటో టాపులు కుట్టే ఆ రేకుల షెడ్లలోనే, పాత కారు డ్యాష్‌బోర్డు మీద లేచిపోయిన ప్యాడును పడుకోబెట్టగల మేస్త్రీలు ఒకరో ఇద్దరో ఇంకా ఉన్నారు. ఇంజను లేపినవాణ్ణి మెచ్చుకుంటాం, పెయింటు కొట్టినవాడి పక్కన నిలబడి ఫోటో దిగుతాం. బండిలో కూర్చున్నంతసేపూ కళ్ళెదుట ఉండే ప్యాడును సరిచేసినవాడి పేరు మాత్రం ఎవరూ అడగరు. నా కడుపుమంట అదే.

ప్యాడు ఊరికే ఊడదు. పైన రెక్సిన్ తోలు, నడుమ ఫోమ్, అడుగున రేకు. వేసవి ఎండలో అద్దాలెక్కించి నిలిపిన కారు లోపల డ్యాష్‌బోర్డు గంటసేపట్లో 70 డిగ్రీల దరిదాపుకు చేరుతుందని అమెరికాలోని అరిజోనాలో కొలిచి చూపించారు. మన ఎండ అంతకు తీసిపోయేదేమీ కాదు. రెక్సిన్‌ను మెత్తగా ఉంచడానికి అందులో కలిపిన నూనెలాంటి పదార్థం ఆ వేడికి ఆవిరవుతుంది. ముందద్దం లోపలివైపు ఎంత తుడిచినా మళ్ళీ పట్టే జిడ్డులో చాలావరకు అదే. నూనె పోయిన తోలు బిగుసుకుని కురచవుతుంది, అంచు పైకి లేస్తుంది. ఆపైన తిరుమల ఘాట్ రోడ్డు మలుపులు, ఆ కుదుపులు. పాత జిగురు పొడిపొడిగా రాలిపోతుంది.

చరిత్ర సంగతి రెండు ముక్కల్లో చెప్పి వదిలేస్తాను. మొదట్లో కార్ల డ్యాష్‌బోర్డుకు మెత్త లేదు, ఉత్త రేకో చెక్కో. ప్రమాదాల్లో పగిలిన ముఖాలు కుట్టి కుట్టి విసిగిన క్లెయిర్ స్ట్రెయిత్ అనే డెట్రాయిట్ సర్జన్ 1930లలోనే మెత్త వేయండి మహాప్రభో అని మొత్తుకున్నాడు. 1956 మోడల్ కార్లలో ఫోర్డ్ కంపెనీ దాన్ని అదనపు డబ్బుకు అమ్మింది. తర్వాత అన్ని దేశాలకూ పాకింది. మన దగ్గర మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అచ్చులోంచి వచ్చిన అంబాసిడర్ 2014 మే దాకా ఉత్తరపారాలో తయారైంది. ప్రీమియర్ పద్మిని, కాంటెస్సా అంతకు చాలా ముందే ఆగిపోయాయి. పద్మిని వాళ్ళు కోప్పడినా సరే, నేను అంబాసిడర్ పక్షం. అంత విశాలమైన ముందుసీటు ముందు ప్యాడు అంచు లేచి ఉంటే పెళ్ళింట్లో చిరిగిన పందిరిలా ఉంటుంది.

ఇక పని. మంచి మేస్త్రీ ముందు పనిముట్టు పట్టుకోడు. వేళ్ళతో ప్యాడంతా నొక్కుకుంటూ పోతాడు, గోరుతో తట్టి వింటాడు. తోలు ఫోమ్‌ను వదిలిందా, ఫోమ్ రేకును వదిలిందా, లేక అడుగున నట్టో క్లిప్పో వదులైందా? మూడింటికీ మూడు వేర్వేరు పనులు. నేనెరిగిన ఒక సాయిబు ఉన్నాడు. ప్యాడు మొత్తం మార్చాలని ఇంకో చోట చెప్పించుకుని వచ్చిన బండి డ్యాష్‌బోర్డు కింద వెల్లకిలా దూరి, స్టీరింగ్ రాడ్డు పక్కన చెయ్యి పెట్టి, రెండు నట్లు బిగించి బయటికొచ్చాడు. "ఇంతే సామీ, టీ తాపించు సాలు" అన్నాడు. దాన్నే పనితనం అంటాను నేను. డబ్బు పిండుకునే అవకాశం చేతిలో ఉండి కూడా పిండుకోలేదు చూడండి.

నిజంగా అతుకు వదిలితే మాత్రం తొందర పనికిరాదు. ముందు బ్యాటరీ వైరు తీస్తారు. స్పీడోమీటర్ కేబుల్, బల్బుల వైర్లు విప్పేటప్పుడు ఒక్కోదానికి ఒక్కో రంగు దారం కడతారు. కొన్ని మోడళ్ళలో ప్యాడు అంచు ముందద్దం రబ్బరు బీడింగ్ కిందికి దూరి ఉంటుంది, అప్పుడు అద్దమే దించాలి. మళ్ళీ ఎక్కించేటప్పుడు బీడింగ్ గాడిలో తాడు చుట్టి, సబ్బునీళ్ళు రాసి, బయటినుంచి ఒకరు అద్దం నొక్కుతుంటే లోపలినుంచి తాడు లాగుతూ రబ్బరు పెదవిని రేకు మీదికి ఎక్కిస్తారు. అది చూడాల్సిన పని! ఒక్క చోట ఎక్కువ లాగితే అద్దం పోయినట్టే.

రేకు మీది పాత జిగురు గీకి, తుప్పు ఉంటే ఎమరీ కాగితంతో రుద్ది, రెడ్ ఆక్సైడ్ కొట్టి ఆరబెడతారు. పొడైపోయిన ఫోమ్‌ను బ్లేడుతో కోసి తీసి, అదే గట్టితనం ఉన్న ముక్కను ఆ గుంటలో కూర్చి, అతుకు వేలికి తగలనంతగా సానబడతారు. చాలామంది ఇక్కడే దొరికిపోతారు. సీటులో వేసే మెత్తటి ఫోమ్ పెడితే రెండు నెలల్లో అక్కడ పల్లం పడుతుంది.

బిగుసుకున్న తోలును వేడిగాలితో మెల్లగా మెత్తబరుస్తారు. పాత మేస్త్రీలైతే వేడినీళ్ళలో పిండిన గుడ్డ పరిచి కూర్చునేవారు. తర్వాత సొల్యూషన్, అంటే జిగురు. రెండు వైపులా పలుచగా పూసి ఆగాలి, పది పదిహేను నిమిషాలైనా ఆగాలి. వేలి వెనకభాగం ఆనిస్తే అంటుకోకూడదు, అప్పుడు కలపాలి. తడి మీద కలిపితే లోపల చిక్కుకున్న థిన్నర్ ఆవిరి మర్నాటి ఎండకు బుడగలై లేస్తుంది. నడిమి నుంచి అంచులకు అరచేత్తో రుద్దుకుంటూ పోయి, ఇసుక మూటలు పెట్టి రాత్రంతా వదిలేస్తారు. కురచైన తోలును లాగి లాగి పాత అంచు గీత మీదికే తెచ్చి కూర్చోబెట్టిన పని ఒకటి చూశాను. గీతకు బయట చుక్క జిగురు లేదు. మోటారు మ్యూజియం వాళ్ళు వచ్చి నేర్చుకోవాల్సిన చెయ్యి అది.

ఇప్పుడు జరుగుతున్నదేమిటి? ప్యాడు లేచిందంటే చాలు, సెల్ఫ్ స్క్రూ దించేస్తున్నారు. అది వెనకున్న వైరింగులోకి దిగితే ఫ్యూజులు ఎందుకు పోతున్నాయో ఎవరికీ తెలియదు. పగుల్లో ఫెవిక్విక్ పోస్తున్నారు, అది గాజులా గట్టిపడి పక్కన ఇంకో పగులు తెస్తుంది. దాని మీద మెరిసే సిలికాన్ పాలిష్. ఆ పాలిష్ పట్టిన తోలు మీద తర్వాత ఏ సొల్యూషనూ సరిగ్గా పట్టదు, ఎంత గొప్ప మేస్త్రీ అయినా ముందు దాన్ని వదిలించడానికే సగం రోజు పోగొట్టుకోవాలి. అన్నిటికీ మించిన ఘోరం బొచ్చు మ్యాటు. కుళ్ళు కనబడకుండా కప్పేసి వెయ్యి రూపాయలు తీసుకుని పంపేస్తారు! డబుల్ టేపుతో అతికించిన స్వామివారి బొమ్మను తీయబోయి తోలునే చీల్చుకున్న బండ్లు తిరుపతిలో ఎన్ని ఉన్నాయో లెక్కలేదు. బొమ్మ పెట్టుకోండి, ఎవరు వద్దన్నారు? చిన్న స్టాండు మీద పెట్టండి, తీసేటప్పుడు టేపును వేడి చేసి దారంతో కోయండి.

కొత్త రెక్సిన్ వేయడం తప్పు అనడం లేదు. నెర్రెలు బారిన కాంటెస్సా ప్యాడుకు వేరే గతి లేదు. అప్పుడైనా వెనక అల్లిక గుడ్డ ఉన్న, సాగే రెక్సిన్ కావాలి, పాతదాని పైని అచ్చుతో కలవాలి. సోఫా రెక్సిన్ వేస్తే మూలల్లో ముడతలు పడక మానవు. అసలు తోలు బతికే అవకాశం ఉంటే మాత్రం దాన్నే బతికించాలి. 2021 జులైలో కేంద్రం 50 ఏళ్ళు దాటిన కార్లకు ‘వీఏ’ అక్షరాలతో వేరే రిజిస్ట్రేషన్ వరుస తెచ్చింది, అసలు రూపం పోగొట్టుకోని బండికే ఆ గౌరవం. నిబంధన చూసేది ఛాసిస్‌నూ బాడీనీ ఇంజనునే అంటారేమో. తలుపు తీసిన పెద్దమనిషి కన్ను మొదట పడేది ప్యాడు మీదే కదా!

కాబట్టి పాత కారున్న అన్నలకు నా మనవి. బండిని పొద్దున్నే ఇచ్చి సాయంత్రానికి కావాలనకండి, రెండు రోజులు వదలండి. వచ్చే ముందు నెల రోజులు పాలిష్ ముట్టకండి. సీటు కవరు ధరతో ఈ కూలిని పోల్చి బేరమాడకండి. పని జరుగుతున్నప్పుడు షాపులో ఉన్న కుర్రాణ్ణి పక్కన కూర్చోబెట్టుకొమ్మని మేస్త్రీని అడగండి, ఆ రెండు రోజుల కుర్రాడి కూలి మీరే ఇవ్వండి.