ఛాయాచిత్ర మహత్త్వ విచారము

ఛాయాచిత్రము పుట్టి రెండువందల యేండ్లు కావచ్చినది. ఫ్రాన్సు దేశమున నియెప్సు తన యింటి కిటికీనుండి కానవచ్చు కప్పులను 1826–27 ప్రాంతమున లోహఫలకముపై నిలిపెను. 1839లో డగేరు పద్ధతి లోకమునకు వెల్లడింపఁబడెను. నాఁటినుండి నేఁటివఱకు నీ విద్యనుగూర్చి యొక ప్రశ్న తెగక నడచుచున్నది. లెక్కకు మిక్కిలియైన చిత్రములలో నేదో యొకటి గొప్పదని లోకము నిలుపుకొనుచున్నది, తక్కినవానిని మఱచుచున్నది. ఆ గొప్పతన మెందున్నది? వస్తువునందా, చేసినవానియందా, క్షణమునందా, చూచువానియందా? ఒక్కొక్కరు నొక్కొక్కటి చెప్పిరి. ఆ మతములను వరుసగాఁ బరీక్షించి గ్రాహ్యమెంతయో త్యాజ్యమెంతయో నిర్ణయించుట యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

మొదట పదమును విచారింపవలెను. పాశ్చాత్యు లీ విద్యకుఁ బెట్టిన 'ఫొటోగ్రఫీ' యను పేరు వెలుఁగు, వ్రాఁత యను రెండు గ్రీకు పదముల కలయిక. దానిని వెలుఁగుచేత వ్రాయఁబడినదని తృతీయగా విప్పినచో సందేహము తీఱదు సరికదా, పెరుఁగును. తృతీయ కర్తృకరణములకు రెంటికిని సమానమే. వెలుఁగు వ్రాయునదా, వ్రాయుటకు సాధనమా? ఇది కేవలము శబ్దచర్చ కాదు. ఈ విద్యనుగూర్చి పుట్టిన వివాదములకెల్ల నిదియే మూలము. ఆంగ్లేయుఁడగు టాల్బటు 1844 మొదలు 1846 వఱకుఁ బ్రకటించిన తన గ్రంథమునకుఁ 'బ్రకృతి లేఖిని' యను నర్థము వచ్చు పేరు పెట్టెను. అతని మతమున వ్రాయునది ప్రకృతియే. దీనినుండి వచ్చు ఫలమును 1859లో ఫ్రెంచి కవి బోదెలేరు నిర్దాక్షిణ్యముగాఁ జెప్పెను. యంత్రము వ్రాసినదానికిఁ గళ యను పేరేల? ముద్రణము కవిత్వమును సృజింపనట్లే యిదియు సౌందర్యమును సృజింపదు, శాస్త్రములకును గళలకును దాసియై యుండుటయే దీనికిఁ దగునని యాతని యాశయము.

ఈ యాక్షేపము ప్రబలమైనదే కాని, కారకవివేకము చేసినచో నిలువదు. పాణిని స్వతంత్రుఁడగువానిని గర్తయనియు, క్రియాసిద్ధికి మిక్కిలి యుపకరించుదానిని గరణమనియుఁ జెప్పి యూరకుండలేదు. కర్తను బ్రేరేపించువానికి హేతువనియుఁ గర్తయనియు రెండు సంజ్ఞలు చేసెను. దేవదత్తుఁడు వండుచుండఁగా యజ్ఞదత్తుఁడు వండించువాఁడగును. వెలుఁగు వ్రాయును, ఛాయాచిత్రకారుఁడు వ్రాయించును. ఎచ్చట నిలిచి, యెప్పుడు, ఎంతసేపు, దేనిని లోఁగొని దేనిని విడిచి వ్రాయింపవలెనో నిర్ణయించువాఁడు స్వతంత్రుఁడు గాక మఱెవఁడు? కావున నితఁడు ప్రయోజక కర్త. బోదెలేరు ప్రయోజ్యమును మాత్రము చూచి ప్రయోజకుని మఱచెను.

ఈ యాక్షేపమునకు నాఁటి చిత్రకారులు చెప్పిన సమాధానము వేఱు. కర్తృత్వమును జూపవలెనన్నఁ జేతిపని కనఁబడవలెనని వారు తలఁచిరి. రేలాండరు 1857లో ముప్పదికి మించిన నెగెటివులను గూర్చి రెండు జీవితమార్గములను బోధించు నొక పెద్ద చిత్రమును గల్పించెను. విక్టోరియా రాణి దాని ప్రతిని గొనెను. మఱుసటియేఁడు రాబిన్సను ఐదు నెగెటివులతో మరణశయ్యపై నున్న బాలికను, శోకించు బంధువులను జూపెను. అందలి బాలిక మరణోన్ముఖి కాదు, నటించినది మాత్రమే. ఈ చిత్రములయందు శ్రమ యున్నది, నేర్పున్నది. అయినను నేఁడవి చరిత్రకొఱకే యుదాహరింపఁబడుచున్నవి. శ్రమ మహత్త్వమునకు లక్షణమైనచో నిట్లు జరుగరాదు. చిత్రబంధముల నల్లుటకుఁ బడిన కష్టమునుబట్టి యెవఁడును మహాకవి కాలేదు.

దీనికెదురుగా రెండవ మతము పుట్టెను. ఉన్నదానిని ఉన్నట్లు చూపుటయే గొప్పతనమని యెమర్సను 1889లో నొక గ్రంథము వ్రాసెను. మఱుసటియేఁడే నల్లని యంచుగల చిన్నపుస్తకమును బ్రకటించి తన మతమును దానే విడిచెను. ఛాయల తారతమ్యమును గర్త తన యిచ్చవచ్చినట్లు మార్చలేఁడని తోఁచుటచేత నిది కళ కాదని యాతఁడు నిశ్చయించుకొనెను. అయినను మతము చావలేదు. 1932లో అమెరికా పశ్చిమతీరమున వెస్టను, ఆడమ్సు మొదలగువారు కటకద్వారము యొక్క మిక్కిలి చిన్న కొలతయగు 64 అను సంఖ్యను దమ సంఘమునకుఁ బేరుగాఁ బెట్టుకొనిరి. ద్వారము చిన్నదైనకొలఁది దగ్గఱిదియు దూరపుదియు సమానముగా స్పష్టమగును. వెస్టను 1930లో నొక మిరపజాతి కాయను రేకు గరాటులో నిలిపి తీసిన చిత్రము వీరి మతమునకు మంచి యుదాహరణము. కాయ కాయగానే యుండి, ముడుఁగుకొన్న మనుష్యదేహమును దలఁపించును.

కాని స్పష్టతయే లక్షణమన్నచో రెండు దోషములు వచ్చును. కలకత్తాలోఁ బుట్టిన జూలియా మార్గరెట్ కామెరాను 1867లో జ్యోతిశ్శాస్త్రజ్ఞుఁడగు హెర్షెలును దీసిన చిత్రమున రేఖలు స్పష్టముగా లేవు. చెదరిన తెల్లని జుట్టును గన్నులును చీఁకటినుండి వెలికివచ్చుచున్నట్లుండును. నాఁటి విద్వత్సంఘము లామె చిత్రములలోని యస్పష్టతను నిందించెను, లోకము నిలుపుకొనెను. ఇచట లక్షణమునకు నవ్యాప్తి. ఇఁక బాటసారపత్రములకుఁ దీయించుకొను ముఖచిత్రము లన్నియు స్పష్టములే. అచట నతివ్యాప్తి. కావున స్పష్టత గుణమగునేగాని మహత్త్వమునకు లక్షణము కాఁజాలదు.

మూఁడవ మతము క్షణవాదము. కార్టియే బ్రెస్సాను 1932లో పారిసు నగరమున సెంట్ లజారు రైలుస్టేషను వెనుకఁ దీసిన చిత్రమున నొకఁడు నీటిగుంటను దాఁటుటకు దుమికియున్నాఁడు. మడమ నీటిని దాఁక నింకను వెండ్రుకవాసి యున్నది. క్రింద నీటిలో నాతని నీడ, వెనుక గోడపైఁ గాగితమున నట్లే యెగిరిన నర్తకి యాకృతి. మఱొక క్షణమైనచో నీరు చెదరును, నీడ పోవును. 1952లోఁ బ్రకటింపఁబడిన యాతని గ్రంథమునకు ఆంగ్లమున 'నిర్ణాయక క్షణము' అను నర్థముగల పేరు వచ్చుటచే నీ మతము దేశదేశముల వ్యాపించెను.

దీనిపై నాక్షేపమేమనఁగా, ఇది ఘుణాక్షరన్యాయము. పురుగు కొయ్యను దొలుచుచుండఁగా నక్షరమేర్పడినంతమాత్రమునఁ బురుగు పండితుఁడగునా? పైగా నీ చిత్రము కంచెపలకల సందునుండి తీయఁబడినది. ప్రక్కను గంచె యడ్డము వచ్చినందున నా భాగము కత్తిరింపఁబడినది. తన చిత్రములను గత్తిరింపరాదని పట్టుపట్టినవాఁ డీతఁడే! దీనికి సమాధానము మమ్మటుఁడు కావ్యహేతువులను జెప్పిన తీరులోనే యున్నది. శక్తి, నిపుణత, అభ్యాసము అను మూఁడును గూడి హేతువగునని యాతఁడు చెప్పెను. పురుగు తాను దొలిచినదానిలో నక్షరమును గుర్తింపలేదు. చిత్రకారుఁడు వేలకొలఁది ముద్రలలో నొక్కదానిని నేఱి తక్కినవానిని ద్రోయును. ఆ యెన్నికయే యాతని స్వాతంత్ర్యము. అదృష్టము చేరినను అక్షరజ్ఞానము లేనివానికది యక్షరమై కనఁబడదు. కాని క్షణమే సర్వమన్నచో, కదలని కాయను దీసిన వెస్టను చిత్రము గొప్పది కాకపోవలసివచ్చును. కావున నిదియు నేకదేశమే.

చేతితో మార్చుట యెంతవఱకు సమ్మతమను చర్చ యిచటనే తీఱవలెను. వ్యాకరణమున మార్పులు మూఁడు విధములు: ఆగమము, ఆదేశము, లోపము. లేనిది చేర్చుట యాగమము, ఉన్నదానిస్థానమున మఱొకటి నిలుపుట యాదేశము, ఉన్నది కనఁబడకుండుట లోపము. ఇవి దోషములు కావు, పదసిద్ధికి మార్గములు. కాని ప్రకృతి యుండవలెను, అర్థము చెడరాదు. ఆడమ్సు 1941లో న్యూ మెక్సికో రాష్ట్రమందలి హెర్నాండెజు గ్రామముపైఁ జంద్రోదయమును దీసెను. వెలుఁగును గొలుచు పరికరము చేతికిఁ జిక్కకపోఁగా, చంద్రుని ప్రకాశప్రమాణము జ్ఞప్తియందుండుటచే దానినిబట్టి లెక్కించి తీసెనఁట. రెండవ ముద్రకు సిద్ధమగునంతలో సమాధులపై సిలువల మీఁది యెండ జాఱిపోయెను. తొలిప్రతులలో నాకాశము బూడిదవన్నెగా మేఘములతో నుండఁగా, తరువాతివానిలో దాదాపు నల్లనయ్యెను. నెగెటివు స్వరలిపివంటిదనియు, ప్రతి గానమువంటిదనియు సంగీతము నేర్చిన యాతని యభిప్రాయము. ఇది యాదేశము. అయినను ప్రకృతి చెడలేదనుటకు గట్టి సాక్ష్యమున్నది. ఆడమ్సు దీనికిఁ బలుమాఱులు వేర్వేఱు సంవత్సరములు చెప్పఁగా, చిత్రములోని చంద్రుని స్థానమునుబట్టి గణితజ్ఞులు 1941 నవంబరు 1వ తేదీ సాయంకాలమని నిర్ణయించిరి. చేయి వన్నెను మార్చినది కాని చంద్రుని గదల్పలేదు.

నాలుగవ మతము వస్తువాదము. గొప్ప దుఃఖము, గొప్ప పురుషుఁడు, గొప్ప సంఘటన యున్నచోఁ జిత్రము గొప్పదియగునని దీని సారము. తెలంగాణమున దీనికిఁ బ్రత్యుదాహరణము కలదు. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను కొలువున నుండి 1905లో మరణించిన రాజా దీనదయాళు ప్రభువులను, వేఁటలను, భవనములను విస్తారముగాఁ దీసెను. అందు నిలిచినవి ప్రభువుల గొప్పతనముచే నిలువలేదు, స్తంభముల వరుసను నీడల పొందికను గనిపెట్టిన కంటిచే నిలిచినవి. 1984 డిసెంబరులో భోపాలు విషవాయు ప్రమాదమునఁ జనిపోయిన యొక శిశువును బూడ్చుచుండఁగా రఘురాయి, పాబ్లో బార్తలోమ్యూ అను నిరువురును దీసిరి. ఒకటి నలుపు తెలుపులు, రెండవది రంగులు. రెండవదానికి నా సంవత్సరపు ప్రపంచ పత్రికా ఛాయాచిత్ర పురస్కారము లభించెను. రఘురాయి చిత్రమున మట్టిని గప్పుచున్న పెద్దచేయి కనఁబడును. అది పూడ్చుచున్నదా, నిమురుచున్నదా? ఆ రెండర్థములును నొక్క చేతియందే కలియుటచేఁ గరుణము పుట్టుచున్నది. శవములను జూపిన చిత్రములన్నియు నట్టి పని చేయలేవు. కావున వస్తువు విభావము మాత్రమే, రసము కాదు.

అయిదవది ద్రష్టృవాదము. 1980లో ఫ్రెంచి విమర్శకుఁడగు బార్తు చిత్రమునందలి రెండంశములను వేఱుచేసెను. అందఱును జదువుకొని గ్రహించునది యొకటి, చూచువానిని ములుకువలె గ్రుచ్చునది రెండవది. తన తల్లి యైదేండ్ల ప్రాయమునాఁటి చిత్రమును గూర్చి దీర్ఘముగా వ్రాసియు నాతఁడు దానిని గ్రంథమున ముద్రింపలేదు. అది తనకుఁ దప్ప నితరులకు సామాన్యచిత్రమే యని కారణము చెప్పెను. ఈ నిజాయితీ మెచ్చఁదగినదే కాని, యీ మాటయే యాతని మతమునకు హద్దును జూపుచున్నది. స్వకీయశోకము రసము కాదు. భట్టనాయకుఁడు చెప్పిన సాధారణీకరణము జరిగినఁగాని సహృదయలోకమునకు నాస్వాదము లేదు. ఒక్కని గ్రుచ్చినది ప్రియచిత్రమగును, గొప్పచిత్రము కానేరదు.

ఈ మతములన్నియు నొక్కచోటఁ గలియునది డొరొతియా లాంగె 1936లో కాలిఫోర్నియాయందు నిపోమో యను చోట బటానీ కోఁతకై వచ్చిన కూలీల విడిదిలోఁ దీసిన తల్లి చిత్రమున. ఒడిలో శిశువు, ఇరువైపుల ముఖములు త్రిప్పుకొన్న బిడ్డలు, చెక్కిలికిఁ జేర్చిన చేయి, ఎచటనో నిలిచిన చూపు. బిడ్డల ముఖములు కనఁబడకుండుటచేతనే వారు వీరు వారన్న భేదము తొలఁగుచున్నది. వాచ్యము ఒక పేదకుటుంబము. వ్యంగ్యము ఆఁకలియెదుట నిలువక తప్పని మాతృత్వము. మూల యందుఁ గనఁబడిన యొక బొటనవ్రేలిని దరువాత నెగెటివునుండి తుడిచివేసిరి. అది లోపము. స్వల్పమే యైనను, ప్రభుత్వముకొఱకు సాక్ష్యముగాఁ దీసినదానిలో నిట్టి లోపము లేకున్న మేలు.

కాని యీ చిత్రమునందు బొటనవ్రేలికంటెఁ బెద్ద చిక్కున్నది. చిత్రము పత్రికలఁ బడఁగానే విడిదికి నిరువదివేల పౌనుల యాహారము పంపఁబడెను. అప్పటికే యా తల్లి బిడ్డలతో వెడలిపోయియుండెను. లాంగె యామె పేరడుగలేదు. 1978లోఁగాని యామె ఫ్లారెన్సు ఓవెన్సు థాంప్సను అని లోకమునకుఁ దెలియలేదు. ఆ చిత్రము తీయకున్న బాగుండెడిదని యామె చెప్పుకొనెను. కారకములలోఁ జెప్పినచో, ఆమె కర్మ యయ్యెను గాని సంప్రదానము కాలేకపోయెను. ఆమె చిత్రముచే నితరులకుఁ గూడు దొరకినది. ఇందుచేఁ జిత్రము చిన్నదగునా? కాదు. చిత్రమునకు మహత్త్వము తగ్గదు, చిత్రకారునకు ఋణము తీఱదు. ఈ రెండింటిని గలుపరాదు. గొప్ప చిత్రమగుటచేఁ దీసినవానికి దోషము పోదు, తీసినవాని దోషముచేఁ జిత్రము చెడదు. విమర్శకుఁడు రెండు లెక్కలను వేఱువేఱుగా వ్రాసికొనవలెను.

ఇఁక సిద్ధాంతము. ఛాయాచిత్రమునకు వాచ్యమనఁగా కటకము నెదుట నిజముగా నున్న వస్తువు. అది చెడక నిలిచి, తన్ను మించిన వేఱొక యర్థమును సహృదయులకు సామాన్యముగా ధ్వనింపఁజేసినప్పుడే చిత్రము గొప్పది. శ్రమయు స్పష్టతయు క్షణమును వస్తువును నా ధ్వనికి సహకారులు. ఏ యొక్కటియు నాత్మ కాదు. ఆనందవర్ధనుఁడు గుణాలంకారములను ద్రోయక వానికిఁ దగిన తావు చూపినట్లే, పై మతములును ద్రోయఁదగినవి కావు, వానివాని తావున నుంచఁదగినవి.

ఈ నిర్ణయము నేఁ డత్యావశ్యకమైనది. 2023లో నొక యంతర్జాతీయ స్పర్ధయందు బహుమానము పొందిన జర్మను కళాకారుఁడు ఎల్డాగ్సెను, తన చిత్రము కృత్రిమ మేధచేఁ గల్పింపఁబడినదని చెప్పి దానిని నిరాకరించెను. ఆ చిత్రమున నిరువురు స్త్రీలు పాతకాలపు ఛాయాచిత్రమునందువలె నున్నారు. అట్టివారెన్నఁడును లేరు. నిపుణులగు నిర్ణేతలు బహుమానమిచ్చుటనుబట్టి దానియందు సౌందర్యము లేదనఁజాలము. కాని యది ప్రకృతి లేని ప్రత్యయము వంటిది. ఎంత చక్కని ప్రత్యయమైనను ప్రకృతి లేనిచోఁ బదము కాదు. చంద్రుని స్థానమునుబట్టి కాలమును నిర్ణయించుట యట్టి చిత్రమున సాధ్యము కాదు, ఏలయన నచటఁ జంద్రుఁడు లేఁడు. దానికి వేఱొక పేరు పెట్టి వేఱొక లక్షణము చెప్పుట శాస్త్రమర్యాద. ఛాయాచిత్రములలో నెంచి దానిఁ బొగడుటయు ఛాయాచిత్రము కాదని తెగడుటయు రెండును దోషములే. సంజ్ఞలు కలసిన చోట విమర్శకుఁడు మొదటఁ జేయవలసిన పని వానిని విడఁదీయుటయే.