ఆయుర్వేద చికిత్సలపై క్లినికల్ పరిశోధన: పరీక్షకు నిలిచినది ఏది? – ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాస సంగ్రహం:
ఆయుర్వేద చికిత్సలను ఆధునిక క్లినికల్ పద్ధతిలో పరీక్షించినప్పుడు నిజంగా పరీక్షకు లోనయ్యేది ద్రవ్యమా, దాని సారమా, లేక పథ్యంతో కూడిన చికిత్సా విధానమా అన్న ప్రశ్నను గుగ్గులు, ఆమవాత చికిత్స, క్షారసూత్రం అనే మూడు ఉదాహరణల ఆధారంగా ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలక పదాలు: ఆయుర్వేదం, క్లినికల్ పరీక్ష, గుగ్గులు, ఆమవాతం, భగందరం, క్షారసూత్రం, పథ్యం.

1. ఉపోద్ఘాతం:
ఆయుర్వేద పరిశోధనను గూర్చిన చర్చ సాధారణంగా రెండు కొసల వద్దనే సాగుతుంది. శాస్త్రం శతాబ్దాల అనుభవంతో నిరూపితమైంది కనుక కొత్తగా పరీక్ష అనవసరమని ఒక పక్షం వాదిస్తుంది. యాదృచ్ఛిక నియంత్రిత పరీక్షలో నెగ్గనిదేదీ వైద్యం కాదని మరొక పక్షం అంటుంది. జరిగిన పరీక్షలను ఒక్కొక్కటిగా విప్పి చూసే పని మాత్రం ఈ రెండు పక్షాలకూ అంతగా పట్టినట్లు కనిపించదు. పరీక్ష ఫలితం ఎంత ముఖ్యమో, ఆ పరీక్షలో రోగికి ఏమి ఇచ్చారు, దేనితో పోల్చారు అన్నవి అంతే ముఖ్యం.

2. గుగ్గులు – గ్రంథం నుండి మాత్ర వరకు:
సుశ్రుత సంహితలోని మేదోరోగ వర్ణనను ఆధారం చేసుకొని జి.వి. సత్యవతి బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో గుగ్గులుపై పరిశోధించి 1966లో సిద్ధాంత గ్రంథం సమర్పించారు. కొవ్వు అధికంగా ఉన్న ఆహారంతో కుందేళ్లలో కొలెస్టరాల్‌ను పెంచి, దానిపై గుగ్గులు ప్రభావాన్ని ఆమె పరిశీలించారు. తరువాతి కాలంలో ఆమె భారత వైద్య పరిశోధన మండలికి డైరెక్టర్ జనరల్ అయ్యారు. ప్రాచీన శ్లోకాన్ని పరీక్షించదగిన ప్రతిపాదనగా మార్చడంలో ఆమె చూపిన నేర్పు భారతీయ వైద్య పరిశోధనలో అరుదైనది. ఈ దారిలోనే లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధన సంస్థ ‘గుగులిపిడ్’ అనే మందును రూపొందించింది.

1989లో ప్రకటితమైన బహుకేంద్ర పరీక్షలో 205 మంది రోగులు 12 వారాల పాటు ఈ మందును పూర్తిగా వాడారు. అంతకు ముందు 8 వారాలు వారిని ఆహార నియమంలోనూ, ప్లాసిబో పైనా ఉంచారు. ఇది మెచ్చదగిన జాగ్రత్త. అయినా ఈ 205 మందికి సమాంతరంగా మందు లేని బృందం లేదు. ఏది ఇచ్చారో వైద్యునికీ రోగికీ తెలుసు. కొలెస్టరాల్ తగ్గిందన్న ఫలితంలో మందు వాటా ఎంతో, కొనసాగిన ఆహార నియమపు వాటా ఎంతో విడదీసి చెప్పడానికి అక్కడ మార్గం లేదు.

2003లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వెలువడిన పరీక్ష ఈ లోపాన్ని సరిదిద్దింది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 103 మందిని మూడు బృందాలుగా విభజించి, రెండు మోతాదుల గుగ్గులు సారాన్ని ప్లాసిబోతో 8 వారాల పాటు పోల్చారు. ప్లాసిబో బృందంలో ఎల్.డి.ఎల్. కొలెస్టరాల్ 5 శాతం తగ్గగా, గుగ్గులు బృందాల్లో 4 నుండి 5 శాతం పెరిగింది. గుగ్గులు తీసుకున్నవారిలో ఆరుగురికి చర్మంపై దద్దుర్లు వచ్చాయి. ప్లాసిబో బృందంలో ఎవరికీ రాలేదు.

ఈ ఫలితాన్ని ఆయుర్వేదపు ఓటమిగా చదవడం తొందరపాటే. పరీక్షించినది ఇథైల్ అసిటేట్ వంటి ద్రావకంతో తీసి, గుగ్గుల్‌స్టెరోన్ల పరిమాణాన్ని స్థిరపరచిన సారం. వైద్యుడు వాడే గుగ్గులు త్రిఫల కషాయం వంటి ద్రవంలో ఉడికి, వడగట్టి శుద్ధి చేసినది; అది సాధారణంగా యోగరాజ గుగ్గులు, కైశోర గుగ్గులు వంటి యోగాల్లో భాగంగా రోగిని చేరుతుంది. అంతకంటే పెద్ద తేడా ఆహారంలో ఉంది. అమెరికా పరీక్షలో పాల్గొన్నవారు తమకు అలవాటైన పాశ్చాత్య ఆహారాన్నే తిన్నారు. పథ్యం తప్పితే మందు పనిచేయదని ఇంటి పెద్దలు సైతం చెప్పే దేశపు వైద్యాన్ని, పథ్యం లేకుండా పరీక్షించారన్న మాట.

అయితే ఈ సమర్థనకు ఒక షరతు ఉంది. అదే ద్రావకంతో తీసిన సారం 1989లో అనుకూల ఫలితం ఇచ్చినప్పుడు దానిని ఆయుర్వేద విజయంగా స్వీకరించినవారికి, 2003లో అది అసలు గుగ్గులే కాదనే హక్కు లేదు. ఒప్పుకుంటే రెండింటినీ ఒప్పుకోవాలి, తోసిపుచ్చితే రెండింటినీ తోసిపుచ్చాలి.

ద్రవ్యం గుర్తింపు మరొక చిక్కు. తెలుగులో ‘గుగ్గిలం’ అనే మాట ధూపానికి వాడే సాల వృక్షపు బంకకూ చెల్లుతుంది. వైద్యులు ఉద్దేశించే గుగ్గులుకు ‘మహిసాక్షి’ అనే పేరు ప్రత్యేకంగా ఉంది. నిఘంటువులోనే ఇంత సందిగ్ధం ఉన్నప్పుడు, ద్రవ్యపు వృక్షశాస్త్ర నామాన్ని పేర్కొనకుండా ‘గుగ్గులు ఇచ్చితిమి’ అని మాత్రమే రాసే పరిశోధన పత్రం పాఠకునికి ఏ సమాచారమూ ఇవ్వనట్లే.

3. ఆమవాతం – వ్యక్తిగత చికిత్సకు పరీక్ష:
రోగి ప్రకృతిని బట్టి మందు మారే వైద్యాన్ని ఒకే మూసలో పరీక్షించలేమన్న అభ్యంతరానికి కోయంబత్తూరులో జరిగిన ఆమవాత పరీక్ష ఆచరణలో సమాధానం ఇచ్చింది. 2011లో ప్రకటితమైన ఈ అధ్యయనంలో రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్న 43 మంది పాల్గొన్నారు. ఆయుర్వేద చికిత్స, మెథోట్రెక్సేట్, ఈ రెండూ కలిపి – ఇలా మూడు బృందాలు. ఆయుర్వేద మందులకూ పోలిక తప్పని ప్లాసిబోలు తయారుచేశారు. మందును ఎంచుకునే స్వేచ్ఛ వైద్యునికి ఉంది. 36 వారాల తరువాత మూడు బృందాల ఫలితాలూ దాదాపు సమానంగా ఉన్నాయి.

పద్ధతి దృష్ట్యా ఇది చెప్పుకోదగిన సాధన. ఫలితాన్ని మాత్రం ఆచితూచి చదవాలి. బృందానికి పన్నెండు నుండి పదిహేడు మంది మాత్రమే ఉన్న చోట తేడా కనబడకపోవడం వేరు, తేడా లేదని రుజువు కావడం వేరు. ఏ చికిత్సా లేని బృందం ఇందులో లేదు. కనుక ‘ఆయుర్వేదం మెథోట్రెక్సేట్‌కు సమానం’ అన్న వాక్యాన్ని ఈ అధ్యయనం మోయలేదు. కీళ్లు శాశ్వతంగా దెబ్బతినే వ్యాధిలో ఆ వాక్యాన్ని నమ్మి మందు మానిన రోగి చెల్లించే మూల్యం చిన్నది కాదు.

4. క్షారసూత్రం:
దారానికి ఆకుజెముడు పాలు, ఉత్తరేణి క్షారం, పసుపు వరుసగా మొత్తం 21 పూతలు పూసి తయారుచేసేది క్షారసూత్రం. భగందరపు మార్గంలో దానిని కట్టి, సాధారణంగా వారానికొకసారి మారుస్తారు. చక్రదత్తుని గ్రంథంలో దీని తయారీ ప్రస్తావన ఉంది. 1960లలో బనారస్‌లో పి.జె. దేశ్‌పాండే కృషితో ఇది మళ్లీ వాడుకలోకి వచ్చింది. భారత వైద్య పరిశోధన మండలి బహుకేంద్ర పరీక్ష నిర్వహించి, 502 మంది రోగుల ఫలితాలను 1991లో ప్రకటించింది. వ్యాధి తిరగబెట్టినవారు క్షారసూత్ర బృందంలో 4 శాతం, శస్త్రచికిత్స బృందంలో 11 శాతం. మానడానికి పట్టిన కాలం మొదటిదానిలో 8 వారాలు, రెండవదానిలో 4 వారాలు.

ఇక్కడ పరీక్షించినది సారాన్ని కాదు, విధానాన్నే. దారం కట్టించుకున్నదీ కోత పడినదీ రోగికి తెలియకుండా దాచడం అసాధ్యం. కానీ భగందరం తిరగబెట్టడం రోగి నమ్మకంపై ఆధారపడే ఫలితం కాదు గనుక ఆ లోపం ఇక్కడ అంతగా బాధించదు. గుగ్గులు విషయంలో తెగని వివాదం క్షారసూత్రం విషయంలో రాకపోవడానికి ప్రధాన కారణం ఇదే.

తిరగబెట్టే శాతాలను మాత్రమే ఉటంకించి, మానే కాలాన్ని వదిలివేసే రచన రోగికి సగం సంగతే చెబుతుంది. నూరు మందిలో ఏడుగురికి రెండవసారి బాధ తప్పుతుంది. అందుకు నూరు మందీ సగటున మరో నాలుగు వారాలు పుండుతో, వారం వారం దారం మార్పించుకుంటూ గడపాలి. దూరపు పల్లె నుండి వచ్చే దినకూలీకీ, ఆసుపత్రికి పక్క వీధిలో ఉండే ఉద్యోగికీ ఈ బేరం ఒకటి కాదు. రెండు జతల అంకెలనూ ముందుంచితేనే ఎవరికి వారు దానిని తేల్చుకోగలరు.